ఒక ప్రేక్షకుని సంవత్సరము: 1957

చలనచిత్రముల చరిత్ర వ్రాయువారు సాధారణముగా నిర్మాతల పక్షమునుండియో, దర్శకుల పక్షమునుండియో వ్రాయుదురు. ఏ చిత్రమునకు ఎంత ధనము వ్యయమైనది, ఏ నటునికి ఏ పాత్ర లభించినది, ఏ చిత్రము శతదినోత్సవము జరుపుకొన్నది అను వివరములతో పుటలు నిండును. టిక్కెట్టు కొని చీకటిలో కూర్చున్న మనిషి ఆ సంవత్సరమంతటిలో ఏమి చూచినాడు, ఏ ఆలోచనతో ఇంటికి మరలినాడు అను ప్రశ్నకు ఆ పుటలలో తావు తక్కువ. ఈ ప్రసంగములో మేము ఆ మనిషి పక్షమున నిలిచి 1957వ సంవత్సరమును ఒకసారి వెనుదిరిగి చూడదలచితిమి.

ఆ సంవత్సరమునకు మేము ప్రత్యక్ష సాక్షులము కాము. అప్పటికి మేము పుట్టలేదు. అందుచేత ఒక నియమము పెట్టుకొంటిమి. 1957లో వెలువడిన తెలుగు చిత్రములలో మాకు దొరికినవానిని, అవి మొదట విడుదలైన వరుసలోనే, గడచిన సంవత్సరము పొడవునా ఆదివారముల పూట ఇంటిల్లిపాదితో కూర్చుండి చూచితిమి. సంక్రాంతి చిత్రమును సంక్రాంతికి, వేసవి చిత్రమును వేసవిలో, కార్తికము తరువాతి చిత్రమును అప్పుడే చూచుట ఆ నియమము. వీనిలో అనేకము మేము చిన్ననాటనుండి విడివిడిగా చూచినవే. అయినను వరుసలో చూచినప్పుడు అవి అన్నియు ఒకే ప్రశ్నను పలు విధముల అడుగుచున్నట్లు తోచినది. సిరి తొలగిన నాడు చుట్టరికము నిలుచునా అన్నదే ఆ ప్రశ్న.

ముందుగా ఆ కాలపు ప్రేక్షకుని పరిస్థితి కొంత తెలియవలెను. ఆంధ్రప్రదేశ్ 1956 నవంబరు 1న అవతరించినది గనుక, కొత్త రాష్ట్రమునకు 1957 మొదటి పూర్తి సంవత్సరము. చిత్రములు మాత్రము అప్పటికింకను మద్రాసులోనే తయారగుచుండెను. అచ్చటినుండి ప్రతులు రేకు పెట్టెలలో రైలెక్కి విజయవాడకు, రాజమండ్రికి, హైదరాబాదుకు చేరెడివి. ప్రతులు కొద్ది, ఊళ్ళు అనేకము. పట్టణములో వేసవిలో ఆడిన చిత్రము పల్లెలోని టూరింగు టాకీసుకు మరుసటి సంవత్సరము గాని చేరకపోవుట వింత కాదు. కావున పల్లె ప్రేక్షకుని 1957 వేరు, పట్టణ ప్రేక్షకుని 1957 వేరు. జట్కాబండిపై బొమ్మల పలకలు కట్టి, డప్పు వాయించుచు, కరపత్రములు చల్లుచు పోవు ప్రచారము ఇద్దరికిని సమానమే. నేల, బెంచీ, కుర్చీ అను తరగతులును సమానమే. కథను సగము చెప్పి, శేషమును వెండితెరపై చూడుమని ముగించెడి పాటల పుస్తకమును ఇద్దరును కొనెడివారు. చిత్రము వెళ్ళిపోయిన తరువాత ఇంటిలో మిగిలెడిది ఆ పుస్తకమొక్కటే.

ఆ ఏటనే మరియొక మార్పు. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణెములు వచ్చినవి. రూపాయికి పదునారు అణాలు పోయి, నూరు నయాపైసలు అయినవి. నాలుగణాల టిక్కెట్టునకు చిక్కు లేదు; అది ఇరువదియైదు నయాపైసలకు సరిపోవును. అణాకు ఆరుంబావు నయాపైసలు గనుక, అయిదణాలు ఇయ్యవలసిన చోట ముప్పది ఒకటింబావు అగును. ఆ పావు ఎవరికి చెందవలెనన్న తగవు అంగడిలోను, టిక్కెట్టు కిటికీవద్దను కొన్నాళ్ళు సాగకుండునా! కొంతకాలము పాత నాణెములును కొత్త నాణెములును కలిసియే చెల్లినవి. ఆ సంవత్సరపు చిత్రములలోని కుటుంబములును అట్లే పాత లెక్కకును కొత్త లెక్కకును నడుమ నిలిచియున్నవి.

సంవత్సరము సంక్రాంతి ముంగిట, జనవరి 11న, అన్నపూర్ణా వారి ‘తోడికోడళ్ళు’తో ఆరంభమైనది. శరత్‌చంద్ర ఛటోపాధ్యాయుని ‘నిష్కృతి’ అను బెంగాలీ నవల దీనికి మూలము. దర్శకులు ఆదుర్తి సుబ్బారావుగారు, మాటలు ఆచార్య ఆత్రేయగారివి, సంగీతము మాస్టర్ వేణుగారిది. ఉమ్మడి కుటుంబములో ముగ్గురు కోడళ్ళు. పెద్దామె కన్నాంబగారు, నడిమి ఆమె సూర్యకాంతముగారు, చిన్నామె సావిత్రిగారు. ఇంటి పెద్దగా ఎస్.వి. రంగారావుగారు. బీరువా తాళముచెవి ఎవరి కొంగున ఉండవలెను అన్నంత చిన్న సంగతితో మొదలై, అనుమానము పెరిగి, పొయ్యిలు వేరుపడు వరకు పోవు కథ ఇది. శరత్ కథలోని పరిష్కారము విచిత్రమైనది. పెద్దన్నగారు ఆస్తిని కాపాడుకొనుట చేత గాక, దానిని చిన్నకోడలికి ఇచ్చివేయుట చేత కుటుంబమును నిలుపును. పంచుకొన్నచో తరుగునది, ఇచ్చివేసినచో నిలుచునని రచయిత నమ్మకము. చూచుచున్నంత సేపు మేమును నమ్మితిమి.

తరువాతి నెలలో బి.ఎన్. రెడ్డిగారి ‘భాగ్యరేఖ’ వచ్చినది. ఇది పొన్నలూరి సోదరుల చిత్రము. 1951లో ‘మల్లీశ్వరి’ తీసిన దర్శకుని నుండి వచ్చుటచేత జనులు దీనికై ఎంతగానో ఎదురుచూచియుందురు. ఎన్.టి. రామారావుగారు, జమునగారు ప్రధాన పాత్రలు. తల్లిదండ్రులు లేని పిల్ల బంధువుల ఇంట పెరుగుట ఇందులోని వస్తువు. ఆ పిల్ల తినెడి ప్రతి ముద్దకు లెక్క ఉండును. ఆ లెక్క చెప్పు ఇల్లాలు మరల సూర్యకాంతముగారే. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి గీతములకు పెండ్యాల నాగేశ్వరరావుగారు స్వరములు కూర్చినారు. సుశీలగారు పాడిన వేంకటేశ్వరుని పాటలో, అడుగుటకు మనిషి ఎవరును లేనివారు దేవుని ఎట్లు అడుగుదురో వినవచ్చును. 1957 సంవత్సరమునకు ఉత్తమ తెలుగు చిత్రముగా రాష్ట్రపతి రజత పతకము ఈ చిత్రమునకే లభించినది. ఇప్పటి యువకులలో దీని పేరు విన్నవారు అరుదు.

మార్చి 27న విజయా వారి ‘మాయాబజార్’ విడుదలైనది. మొదటి వారము ఈ చిత్రమును పూర్తిగా అణాలు ఇచ్చి చూచినవారు, మరల చూచుటకు పోవునాటికి నయాపైసలను ఎరిగియుందురు. దీని గురించి చెప్పని తెలుగువారు లేరు గనుక అందరు ఎరిగినవానిని క్లుప్తముగా తలచుకొందము. దర్శకులు కె.వి. రెడ్డిగారు, రచన పింగళి నాగేంద్రరావుగారు, ఛాయాగ్రహణము మార్కస్ బార్ట్‌లే, కళ గోఖలే, కళాధర్, సంగీతము ఘంటసాలగారు, మొదటి నాలుగు వరుసలు మాత్రము సాలూరి రాజేశ్వరరావుగారివి. శశిరేఖ కథ వ్యాసభారతములో లేదు; అందు అభిమన్యుని భార్య ఉత్తర. ఇది జనుల నోట పెరిగి, సురభి వంటి నాటక సమాజముల వేదికలపై వెలిగి, 1936లోనే ఒకసారి తెరకెక్కిన కథ. జనుల కథ కావుననే ఇందులో మహాభారతపు యుద్ధము లేదు, గీత లేదు. వింతయేమనగా పాండవులైదుగురిలో ఒక్కరును తెరపై కనిపించరు. కౌరవుల విందులో గోంగూర మాత్రము వచ్చును.

మరి ఈ కథలో ఉన్నదేమి? ఒక పెండ్లిమాట ఉన్నది. బలరాముడు చెల్లెలు సుభద్రకు మాట ఇచ్చినాడు, తన కూతురు శశిరేఖను ఆమె కొడుకునకు ఇత్తునని. జూదములో పాండవుల రాజ్యము పోయినది. సుభద్ర కొడుకును వెంటబెట్టుకొని పుట్టింటికి వచ్చినది. ఆ ఇంట ఆమెకు లభించిన ఆదరణ యెట్టిదో మీరెరుగుదురు. వదినగారు రేవతి ముఖము తిప్పుకొన్నది. అన్నగారు కౌరవుల సిరిని చూచి మాట మార్చినాడు. తల్లియు కొడుకును ఆ రాత్రియే బయలుదేరవలసివచ్చినది. ఈ ఘట్టము మేము లెక్కలేనన్ని సారులు చూచినదే. ఎల్లప్పుడును తరువాత రాబోవు ఘటోత్కచునికై, వివాహపు విందుకై తొందరపడుచునే చూచితిమి.

ఈసారి మాతోకూడ మా పెద్దమ్మగారు కూర్చుండిరి. ఆమెకు ఎనుబది దాటినవి. సుభద్ర రథమెక్కు చోట ఆమె తల దించుకొన్నది. చిత్రము ముగిసిన పిమ్మట, అడుగకుండగనే చెప్పినది. మా తాతగారు పొగాకు వ్యాపారములో నష్టపోయిన సంవత్సరము, అమ్మమ్మ పిల్లలతో కొన్ని నెలలు పుట్టింట ఉన్నదట. అంతకు పూర్వము ఒక మాట ఉండెనట. పెద్దమ్మను మేనమామ కొడుకునకు చేసికొందుమని, ఊయలలోననే అనుకొన్న మాట. ఆ కొన్ని నెలలలో ఆ మాట ఎవరును ఎత్తలేదు. ఆ తరువాతను ఎత్తలేదు. మరుసటి ఏడు ఆ డెల్టా పల్లెకు టూరింగు టాకీసువారు ‘మాయాబజార్’ తెచ్చినారు. ఊరంతయు నవ్వుచుండగా అమ్మమ్మ మాత్రము నవ్వలేదనియు, ఇంటికి వచ్చునపుడు దారి పొడవునా తన చేయి వదలలేదనియు పెద్దమ్మగారు చెప్పిరి. “మనవాళ్ళలో ఘటోత్కచుడు ఎక్కడున్నాడురా?” అని ఆమె నవ్వినది. ఆమె తరువాత మంచి ఇంటనే మెట్టినది, పిల్లలను పెంచినది, ఆ మేనమామగారి ఇంటికి శుభకార్యములకు పోయినది. మాటను మాత్రము మరువలేదు.

ఆనాటినుండి ‘మాయాబజార్’ మాకు మాయల చిత్రముగా మాత్రమే కనిపించుట మానినది. అరణ్యములో రాక్షసియైన హిడింబి, సుభద్రను చెల్లెలివలె అక్కున చేర్చుకొనును. మేడలో దొరకని బంధుత్వము ఆశ్రమములో దొరికినది. ఆ హిడింబి పాత్రధారిణి ఎవరు? సూర్యకాంతముగారు! జనవరిలో ఇల్లు చీల్చినది, ఫిబ్రవరిలో దిక్కులేని పిల్లకు ముద్ద లెక్కపెట్టినది, మార్చిలో చుట్టమును కన్నీటితో ఆదరించినది ఒక్క నటియే. జనవరిలో ఆస్తి గల ఇంటికి యజమానియైన రంగారావుగారే, మార్చిలో ఆస్తి లేని తమ్మునికి అండగా గద పట్టిన అన్న. వరుసలో చూచిన ప్రేక్షకునికి మాత్రమే దక్కు సంతోషమిది.

పింగళివారు ఈ చిత్రములో కల్పించిన ‘అసమదీయులు’, ‘తసమదీయులు’ అను మాటలను నేటికిని పత్రికలవారు రాజకీయ వార్తలలో వాడుచున్నారు. మనవారెవరు, పైవారెవరు అన్న లెక్క సిరితో మారుట ఈ కథకు ప్రాణము. కావుననే ఆ మాటలు చావలేదని మా అభిప్రాయము.

వేసవిలో, మే 10న, అంజలీ పిక్చర్సు వారి ‘సువర్ణసుందరి’ వచ్చినది. దేవకన్య, శాపము, ఎడబాటు గల జానపద కథ ఇది. దర్శకులు వేదాంతం రాఘవయ్యగారు, సంగీతము ఆదినారాయణరావుగారు. ఘంటసాల, జిక్కిగారలు పాడిన రాగమాలిక యుగళగీతము కథకంటె ఎక్కువ కాలము బ్రతికినది. ఆగస్టులో వచ్చిన ‘వినాయక చవితి’లో ఘంటసాలగారు ముత్తుస్వామి దీక్షితుల హంసధ్వని కృతిని పాడినారు, కచేరీకి పోని ఇండ్లకు ఆ కృతి అట్లు చేరినది. కె.బి. తిలక్‌గారి ‘ఎం.ఎల్.ఏ.’ ఒక కొత్త పదవినే పేరుగా పెట్టుకొన్నది. ఆ సంవత్సరమే తెలంగాణ ప్రాంతమున శాసనసభకు ఎన్నికలు జరిగినవి. ఆంధ్ర ప్రాంతమున 1955లో ఎన్నికైనవారు కొనసాగిరి. తెలుగు చిత్రములలో ఎస్. జానకిగారి కంఠము మొదట వినిపించినది ఈ చిత్రముననే. అంతకు ముందటి ఏడు ఆమె ఆకాశవాణి పోటీలో బహుమతి పొందినారని చెప్పుకొనుట మాకు సంతోషము.

ఆకాశవాణి పేరు వచ్చినది గనుక ఒక సత్యము ఒప్పుకొనవలెను. 1952 తరువాత కొన్నేండ్లపాటు మన కేంద్రములలో సినిమా పాటకు చోటు మిక్కిలి ఇరుకైనది. శాస్త్రీయ సంగీతమును పెంపొందించవలెనన్న సదుద్దేశము దాని వెనుక లేకపోలేదు. అయినను శ్రోతలు ముల్లును సిలోను వైపు త్రిప్పిరి. 1957 అక్టోబరు 3న వివిధభారతి ప్రారంభమైనది. హాలులో ఒక రాత్రి విన్న పాట, పాటల పుస్తకములో మూగగా పడియున్న పాట, ఇంక వంటయింటిలోనికి వచ్చుటకు దారి ఏర్పడినది. ‘మాయాబజార్’లోని ప్రియదర్శిని పేటికను తెరచినచో ఎక్కడో ఉన్న ఆత్మీయులు కనిపించి పలుకరింతురు. రేడియోలో ముఖము కనిపించదు గాని, ఆ పేటిక చేసిన పనిలో సగము మన పెట్టెయు చేసినది.

సంవత్సరాంతమున, నవంబరు 28న, ‘పాండురంగ మహాత్యం’ వచ్చినది. దర్శకులు కమలాకర కామేశ్వరరావుగారు, పుండరీకుడుగా రామారావుగారు. ఇక్కడ ప్రశ్న మరింత దగ్గరకు వచ్చినది. తల్లిదండ్రులనే కొడుకు ఇల్లు వెడలగొట్టును. తండ్రి చిత్తూరు నాగయ్యగారు, తల్లి ఋష్యేంద్రమణిగారు. మార్చిలో సుభద్రయై అన్నగారి గడప దిగిన ఋష్యేంద్రమణిగారే, నవంబరులో తల్లియై కొడుకు గడప దిగిరి. పుండరీకుడు కాళ్ళు కోల్పోయిన పిమ్మట గాని కన్నవారి కాళ్ళ విలువ తెలిసికొనలేదు. చివరకు ఆ సేవలో మునిగి, వాకిట నిలిచిన దేవునినే ఆగుమనును. సిరిని చూచి మనిషిని దూరముంచుటతో మొదలైన సంవత్సరము, మనిషికొరకు దేవుని ఆగుమనుటతో ముగిసినది.

ఇన్ని చిత్రములలో ఒకే ప్రశ్న వినిపించుట కేవలము యాదృచ్ఛికమా? 1956 జూన్ 17న హిందూ వారసత్వ చట్టము అమలులోనికి వచ్చినది. తండ్రి స్వార్జితములో కూతురునకును కొడుకుతో సమాన భాగము లభించినది. ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చు హక్కు మాత్రము మగవారిదిగానే ఉండిపోయినది. దానిని ఆంధ్రప్రదేశ్ 1986 చట్టముతోను, దేశము 2005 సవరణతోను మార్చినవి. చిత్రములు చట్టమును చూచి తీసినవని మేము అనము. రచ్చబండపైనను, న్యాయస్థానములోను, తెరపైనను ఆ రోజులలో ఇల్లే చర్చకు వచ్చినదనుట మాత్రము నిజము.

ఇక్కడ అభిమానమును ప్రక్కకు పెట్టి ఒక మాట చెప్పవలెను. ఈ చిత్రములలో ఇల్లు చీలినప్పుడెల్ల నింద స్త్రీపై పడినది. నడిమి కోడలు, ముద్ద లెక్కించు ఇల్లాలు, వదినగారు రేవతి, వీరే దోషులు. కాని ఆస్తి ఎవరిది? మాట ఇచ్చినది ఎవరు? రేవతి ముఖము తిప్పుకొన్నది నిజమే. మాట తప్పినవాడు బలరాముడు. గుమ్మడిగారు ఆ పాత్రను ఎంతో మంచితనముతో ధరించుటచేత ఆ దోషము మనకు దోషముగా కనిపించదు. సత్యపీఠముపై శకుని నోట నిజము చెప్పించిన రచయిత, బలరాముని ఆ పీఠము ఎక్కించలేదు. మా పెద్దమ్మగారి కథలోను అత్తగారి మూతివిరుపులే ఇంటివారు చెప్పుకొనెడివారట. మేనమామగారి మౌనము గురించి ఎవరును అనలేదట.

సంవత్సరము ముగియగా, ఇంటిలో ఓటు పెట్టితిమి. పిల్లలందరును ‘మాయాబజార్’ అనిరి. అందులో వింత లేదు. 2010 జనవరి 30న రంగులలో మరల విడుదలైనప్పుడును ఆ చిత్రము హాళ్ళు నింపినది. మేమును చేయి అటే ఎత్తితిమి. పెద్దమ్మగారు మాత్రము ‘భాగ్యరేఖ’ అనినది. ఆ చిత్రము వారి పల్లెకు రానేలేదట. పొరుగింటి రేడియోలో, ఏ కేంద్రమో జ్ఞాపకము లేదు, కృష్ణశాస్త్రిగారి పాట విని నేర్చుకొన్నదట. పాట ఎరిగిన ఆరు దశాబ్దములకు పైగా గడచిన తరువాత, గత ఫిబ్రవరిలో మాతో కూర్చుండి, ఆ పాట పాడు పిల్ల ముఖమును మొదటిసారి చూచినది. “ఈ పిల్లేనా?” అని మాత్రము అడిగినది.

శ్రోతలారా! మీ ఇంటను ఆ కాలపు పెద్దలు ఉన్నచో, ఒక ఆదివారము వారి ప్రక్కన కూర్చుండి ఈ చిత్రములలో ఒకదానిని చూడుడు. మీరు నవ్వు చోట వారు నవ్వుచున్నారో లేదో గమనించుడు. నవ్వని చోట ఎందుకో అడుగుడు. ఏ చిత్రము ఎన్ని రోజులు ఆడినదో పుస్తకములు చెప్పును. సుభద్ర రథమెక్కిన చోట ఎవరు తల దించుకొనిరో, వారు ఉన్నంతవరకే తెలియును.